గూడు కింది పలుకు

నమోదు 1

ఇది కాగితం మీద రాస్తున్నాను, పాత గని మ్యాపుల వెనక వైపు. రోజూలాగే సిస్టంలో రాద్దామని కూర్చుంటే ఒక్క అక్షరం కూడా తీసుకోలేదు. చోటు లేదంది.

మొదట నేనే ఏదో తప్పు నొక్కాననుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటు. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే మాట.

డిస్కులో రూట్ పార్టిషన్ అనే భాగం నిండిపోయింది. మా బాయిలో, ఈ పాత బొగ్గు గనిలో, లైనక్స్ మీద నడిచే మిషను ఇదొక్కటే. దానికి రూట్ అంటే ఇంటికి వంటగది లాంటిది. మిగతా గదులు నిండితే సర్దుకోవచ్చు. వంటగదిలో గిన్నె పెట్టే జాగా లేకపోతే ఇల్లంతా పస్తు. ఇల్లంటే ఇక్కడ మూడు సీముల్లో, బొగ్గు తీసేసిన పొరల్లో, బతుకుతున్న మేమందరం. పస్తంటే గాలి.

బ్యాటరీలు మార్చేటప్పుడు పెద్ద పంకాను నెమ్మదిగా తిప్పమని సిస్టంకు చెప్పాం. పని అయిపోయింది. ఇప్పుడు వేగం పెంచమంటే వినడం లేదు. ఇచ్చిన ఆజ్ఞను ముందు రాసుకుని, ఆ తర్వాతే అమలు చేసే ప్రోగ్రాం అది. రాసుకోవడానికి చోటు లేక ప్రోగ్రాం పడిపోయింది. పంకా మాత్రం ఆఖరుసారి విన్న మాట పట్టుకుని అలాగే, నెమ్మదిగా తిరుగుతోంది.

పంకా ఇల్లు చూసుకునే ఓదెలు ఫోన్ చేశాడు.

"అక్కా, పంకకు ఏమన్న సుస్తయిందా? ముసలెద్దు లెక్క నడుస్తాంది."

"చూస్తున్న ఓదెలూ. మోటరు కాడ చేత్తోటి పెంచేది ఏం లేదా?"

"నా చేతిల ఏమున్నదక్కా, చీపురున్నది. మోటరు నీ మిషిని మాట తప్ప ఎవ్వల మాట ఇనది. మా ఇంటామె గూడ గంతే, వాళ్ళమ్మ మాట తప్ప ఇనది."

నవ్వాను. ఫోన్ పెట్టాక ఆ నవ్వు మిగల్లేదు. పొద్దున ఉతికిన బట్టలు గాలి దారిలో ఆరేసి వచ్చాను. రోజూ చీర కొంగు ఎగిరి పక్కవాళ్ళ మొహాన పడుతుంది, తిట్లు తింటాను. ఇవాళ అన్నీ కదలకుండా వేలాడుతున్నాయి.

నమోదు 2

చెత్త ఊడ్చాను. సిస్టం తన రోజువారీ ముచ్చట్లు రాసుకునే పాత లాగ్‌లు తీసేశాను. ఎప్పటివో అప్‌డేట్ల తాలూకు మిగులు సామాను తీసేశాను. కొంచెం జాగా వచ్చింది. ఆ కొంచెం చాలదు. పంకా ప్రోగ్రాం నిద్ర లేవగానే పని చేసుకోవడానికి విశాలంగా పీట వేయమంటుంది. లేకపోతే లేవదు. మూడుసార్లు లేపాను, మూడుసార్లూ పడింది.

మిషనునే ఆపి మళ్ళీ లేపితే? లేవకపోతే? అప్పుడు ఈ నెమ్మది పంకా కూడా ఆగుతుంది. పైకి పోయి బతుకుదామంటే పైన ఎండ మనిషిని నిలవనివ్వక ఇరవై ఏళ్ళు దాటింది. పైన యూనివర్సిటీ ఉన్న రోజుల్లో చదివిన చివరి బ్యాచ్ మాది. రీబూట్ చేయడానికి భయపడకూడదని మాకు నేర్పించారు. నేర్పినవాళ్ళు గాలి ఊరికే దొరికే చోట కూర్చుని నేర్పించారు.

ఇంకో అనుమానం వచ్చింది. ఒక ఫైలును చెరిపినప్పుడు ఏదైనా ప్రోగ్రాం దాన్ని తెరిచి చదువుతూ ఉంటే, ఆ ఫైలు వెంటనే పోదు. పేరు పోతుంది గానీ చోటు వదలదు. చదివేవాళ్ళు మూసేదాకా అది అలా, లేనట్టూ ఉన్నట్టూ, పట్టుకుని ఉంటుంది. అలాంటివి ఏమైనా ఉన్నాయా అని వెతికాను. ఒక్కటీ లేదు.

గాలి మీటరు మూడో సీములో పచ్చ దాటి పసుపులోకి వచ్చింది.

నమోదు 3

లెక్క కుదరడం లేదు.

ఒక ఆదేశం రూట్ గది మొత్తాన్ని కొలుస్తుంది. నిండిందంటోంది. ఇంకో ఆదేశం గదిలోని ఒక్కో అల్మరానూ తెరిచి కొలుస్తుంది. అవన్నీ కలిపితే సగం కూడా లేదు. మరి మిగతా సగంలో ఏముంది? కూడిక తప్పేమోనని కాగితం మీద కూడి చూశాను. మళ్ళీ కూడి చూశాను. కంటికి కనబడనిదేదో మా వంటగదిలో సగం జాగా పట్టుకుని కూర్చుంది.

లహరి ఫోన్ చేసింది. నా కూతురు. కింద మూడో సీములో దవాఖానలో నర్సు.

"అమ్మా, ఇక్కడ అందరికీ తలకాయ నొస్తుందంటున్నరు. నాకు గూడ."

"నువ్వు పైకి రా బిడ్డా. రెండో సీముకన్న రా."

"మంచాల మీదున్నోళ్ళను ఒదిలిపెట్టా? నువ్వయితే వస్తవా?"

"వస్త."

"అబద్ధం. సగం తొవ్వ వచ్చి, తలుపేసిన్నా లేదా అని మళ్ళ ఎనకకు పోతవు."

ఫోన్‌లో నవ్వుతోందనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ఊపిరి అందక చేసే చప్పుడు.

మంచాలను మోసుకురమ్మనవచ్చు. వాలుబాట ఇరుకు, ఒక్కో మంచానికి నలుగురు కావాలి, మోసేవాళ్ళు మామూలు కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. అందరూ పైసీముకు ఎక్కితే ఈ వేగంతో పైసీముకే గాలి చాలదు. పంకా తిరగాలి. వేరే దారి లేదు.

నమోదు 4

పలుకుల సంగతి రాయాలి.

వెనకట బొగ్గు తీసే రోజుల్లో బాయి దిగే ప్రతివాడూ ఒక బిళ్ళ ఇచ్చి దిగేవాడట. ఇప్పుడు బిళ్ళ లేదు, పలుకు ఉంది. షిఫ్టు మారేటప్పుడు ద్వారం దగ్గర ఆగి పేరు చెప్పి, తోచింది ఒక మాట అని పోతాం. ఆ మాటలు విడిగా ఒక డిస్కులో చేరతాయి. దాన్ని గూడు అంటాం. ఎవరైనా పోతే గూడును మిషను నుంచి తీసి, తెల్లగుడ్డ చుట్టి, ఆ ఇంటికి మోసుకుపోతారు. దినాలయ్యేదాకా అక్కడే ఉంచి పోయినవాళ్ళ ఆఖరి పలుకు వినిపిస్తారు. తర్వాత తెచ్చి మళ్ళీ తగిలిస్తారు.

గూడు లేని ఆ రోజుల్లోనూ అలవాటు మానం. ద్వారం దగ్గర ఆగి మాట్లాడుతూనే ఉంటాం. ఆ మాటలు తర్వాత వెతికితే దొరకవు. అందుకే "దినాల పలుకు గాలికి" అంటారు. గాలికి పోతుందన్న ధైర్యంతోనే ఆ రోజుల్లో జనం ద్వారం దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. ఇంట్లో అనలేనిది అక్కడ అంటారు. ఏడుస్తారు. నేనూ ఏడ్చాను.

బట్టలు తీయడానికి వెళ్తూ ద్వారం ముందు ఆగాను. గాలికి ఎందుకు పోతుంది? మిషను దేన్నీ గాలికి వదలదు. ఫలానా చోట రాయమంటే రాస్తుంది. ఆ చోట గూడు ఉంటే గూట్లో రాస్తుంది. గూడు లేకపోతే అదే చోట, కటిక నేల మీద రాస్తుంది. ఆ నేల రూట్‌ది. తర్వాత మేం గూడు తెచ్చి దాని మీద చాపలా పరుస్తున్నాం. చాప కింద ఉన్నది చాప ఉన్నంతసేపూ కనబడదు. కొలిస్తే రాదు. బరువు మాత్రం నేల మోస్తూనే ఉంటుంది.

ఇన్నేళ్ళుగా ఎన్ని చావులు. ఎన్ని దినాలు. అందరూ గాలికి వదిలామనుకున్న మాటలన్నీ అక్కడే ఉండి ఉంటాయి.

ఉండి ఉంటాయి. చూడలేదు. నేను పొరబడి ఉండవచ్చు.

చాప తీయకుండా పక్కనుంచి తొంగిచూసే ఉపాయం ఒకటి చదువుకున్నాను. మిషను కట్టినవాళ్ళు ఆ అనుమతి మూసేసి పోయారు. గూడు కూడా ఆ ఒక్క చోట తప్ప ఇంకెక్కడా తగలదు. తీయాల్సిందే.

నమోదు 5

గూడు తాళం మా అత్తమ్మ కొమురవ్వ దగ్గర ఉంటుంది. గూటి పెద్ద ఆమెనే. తాళం లేకపోయినా కీబోర్డు మీద ఒక్క ఆదేశంతో నేను విప్పేయగలను. కానీ గూడు విడగానే మూడు సీముల్లోనూ తెల్లదీపాలు వెలుగుతాయి. తెల్లదీపమంటే ఎవరో పోయారని. పేరు చెప్పకుండా దీపం వెలిగితే దవాఖానలో మనవాళ్ళున్న ప్రతి ఒక్కరూ ఆ ఇరుకు వాలుబాటలో కిందికి, చెడ్డ గాలిలోకి పరుగెత్తుతారు.

"ఎవ్వలు పోలే, రిపేరు అని చెప్దాం అత్తమ్మా" అన్నాను.

"కప్పు కూలిననాడు గూడ గదే జెప్పిండ్రు. రిపేరు అని. ఎవ్వలన్న నమ్ముతరా మల్ల?"

నమ్మరు. నేనే నమ్మను. కప్పు కూలిననాడు పోయింది నా భర్త రాజలింగు, ఆమె కొడుకు. వేరే ఇంటి దినాలు నడుస్తుండగా దిగాడు. గూడు ఆ ఇంట్లో ఉంది. అందుకే ఆయనకు ఆఖరి పలుకు లేదు. ఆయన దినాలకు అంతకుముందు వారం పలుకు వినిపించారు, పేరు, షిఫ్టు, అంతే. అందరి గొంతులూ కాపాడే గూటి పెద్దకు కొడుకు గొంతే కరువైంది. ఆనాడు ఏమన్నాడో అని ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని అంటుంది.

ఓదెలు కూడా వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"గంత సోచాయించుడెందుకు? కొద్దిసేపు ఆగుండ్రి. ఈ గాలికి ఎవడో ఒకడు సస్తడు, అప్పుడు పద్ధతిగ తీద్దాం."

ఎవరమూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు. దవాఖానలో చావుకు దగ్గరగా ఉన్నవాళ్ళెవరో ముగ్గురికీ తెలుసు. వాళ్ళ మంచాల మధ్య తిరుగుతున్నది ఎవరో కూడా.

అత్తమ్మ మీటరు వంక చూసింది. అప్పటికి అది పసుపు దాటుతోంది.

"నా పేరు జెప్పుండ్రి" అంది.

"ఏందత్తమ్మా?"

"కొమురవ్వ పోయిందని జెప్పుండ్రి. పండు ముసలిది, పైసీముల ఉంటది. నా పేరు ఇంటే ఎవ్వలు కిందికి ఉరకరు. మంచిగనే పోయింది అనుకొని ఎవ్వల పని వాళ్ళు జేసుకుంటరు."

"పెద్దవ్వా, పోయిండ్రని పిలిచిన పేరు మల్ల ఎనకకు తీస్కోరు గద" అన్నాడు ఓదెలు. "రేపటి సంది నీకు పలుకుండది."

"నాకెందుకురా పలుకు. ఏండ్ల సంది ద్వారం కాడ ఒక్క మాటనే అంటున్న. అదింటానికి ఎవ్వలు ఉన్నరు?"

ఓదెలు మైకు పట్టుకున్నాడు. "కొమురవ్వ..." అని ఆగిపోయాడు.

"గట్టిగ జెప్పరా, ఇనవడ్తలేదు!" అని కసిరింది అత్తమ్మ.

"కొమురవ్వ పోయింది" అన్నాడు.

నేను గూడు విప్పాను. తెల్లదీపాలు వెలిగాయి. చెవులు రిక్కించి విన్నాను. వాలుబాటలో అడుగుల చప్పుడు లేదు. ఎవరో ఆడమనిషి దూరంగా, "అయ్యో, మొన్ననే కనబడ్డది గదనే" అంది. అత్తమ్మ తన దినాలకు తనే గూడును తెల్లగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

నమోదు 6

జరిగింది జరిగినట్టు రాయాలి.

చాప కింద ఉన్నాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న పలుకులు, రోజుల పేర్లతో, వరసగా. తెరమీద జారుతూనే ఉన్నాయి. నా అనుమానం నిజమైనందుకు సంతోషం కలగలేదు.

ఇవి అవేనా అని నిర్ధారించుకోవడానికి ఒకదాన్ని తెరిచాను. ఓదెలు గొంతు. ఎప్పుడూ జోకులేసే గొంతు కాదు. "పంక ఆగినట్టు కలొస్తాంది. దినాం వస్తాంది. పోరగాండ్లు నిద్రల ఊపిరి తీసుకుంటుంటే ముక్కు కాడ చెయ్యి పెట్టి సూస్తున్న..." వెంటనే మూసేశాను. ఓదెలు అప్పటికే పంకా ఇంటికి వెళ్ళిపోయాడు. వాడికి ఎప్పటికీ చెప్పను.

దవాఖానకు ఫోన్ చేశాను. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగుతూనే ఉంది. మీటరు ఎరుపులో ఉంది.

అన్నిటినీ ఒక్క ఆదేశంతో చెరిపేయవచ్చు. వేళ్ళు కీబోర్డు మీద ఉండగానే కళ్ళు కప్పు కూలిన రోజును వెతికాయి. ఉంది. చిన్న ఫైలు.

"ఉన్నదా?" అంది అత్తమ్మ. నా మొహం చూసి అడిగింది.

"ఉన్నది."

ఆమె గూడును గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు.

"చిన్నదే అత్తమ్మా. ఇదొక్కటి ఉంచుతే పంకకు ఏం కాదు. మిగతావి తుడిచేస్త."

"మిగతావి అంటే ఎవ్వలయి?"

"అందరియి. దినాలల్ల అన్నవన్ని."

"గాలికి పోతయని నమ్మి అన్నరు బిడ్డా. నేను గూడ అన్న. అందరి గోడు తుడిచి మన పిలగానిది ఒక్కటి దాసుకుంటమా? రేపు నేను ద్వారం కాడ ఎవ్వల మొకం సూడాలె?"

ఒక్కటి దాచుకుంటే ఏమవుతుందని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. ఆమె అన్నది తప్పని మాత్రం అనలేను. ఫోన్ అటువైపు మోగుతూనే ఉంది.

"ఒక్కపారి ఇననియ్యి" అంది. "ఇనుకుంటనే తుడువు."

అప్పుడు గుర్తొచ్చింది. చదువుతున్న ఫైలు చెరిపినా వెంటనే పోదు. వింటున్నంతసేపు ఉంటుంది.

పలుకు మొదలుపెట్టాను. పక్కనే ఆదేశం ఇచ్చాను. ఎప్పుడూ రెండుసార్లు చదివి గాని ఎంటర్ నొక్కని దాన్ని, ఒక్కసారే చదివాను.

తెరమీద వరస ఖాళీ అయింది. ఆయన పేరు కూడా పోయింది. పేరు లేని గొంతు మాత్రం స్పీకరులో ఉంది.

"రాజలింగు. మూడో సీము. పొద్దు షిఫ్టు."

గుటక వేసిన చప్పుడు. మా ఇంటి చాయ తాగి ఉంటాడు. నేను పంకా ప్రోగ్రాంను లేపాను. అది పీట వేయమంది. ఈసారి పీట ఉంది.

"సరోజనా, తలుపేసిన. రెండుసార్లు గుంజి సూసిన. మల్ల లేసి పోయి సూడకు, పండుకో."

పైన ఎక్కడో పంకా గొంతు మారింది. మొదట మూలుగు, తర్వాత గరగర, తర్వాత ఏరు దిగినట్టు మోత. తెల్లగుడ్డ అంచు లేచింది. దుమ్ము కళ్ళలో పడింది.

"అమ్మా, నువ్వు..." అన్నాడు.

మిగతాది మోతలో పోయింది. నేను స్పీకరుకు చెవి ఆనించాను. అత్తమ్మ కూడా వంగింది. మా తలలు కొట్టుకున్నాయి. ఏదో అన్నాడు, నవ్వినట్టు కూడా ఉంది. చిన్న టిక్కుమన్న చప్పుడుతో పలుకు అయిపోయింది. చదివేవాళ్ళు లేరు గనక ఫైలు కూడా పోయింది. వెతకడానికి పేరు లేదు, చోటు లేదు.

"నన్నేమో అన్నడు. ఏమన్నడే?"

అబద్ధం చెప్పవచ్చు. మంచి మాటలు నాలుగైదు నోటిదాకా వచ్చాయి.

"ఇనవడలే అత్తమ్మా. పంక మోతల పోయింది."

ఆమె గూడు మీద గుడ్డ సర్దింది. గాలికి అది మళ్ళీ లేచింది, మళ్ళీ సర్దింది.

"అమ్మా అన్నడు గద" అంది. "సాలు."

ఫోన్ రిసీవరు బల్ల మీంచి వేలాడుతోంది. అందులోంచి సన్నగా ఎవరో అరుస్తున్నారు. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా! ఎన్నిసార్లు హలో అనాలె? మంచాలు గాలి దారి మీదికి గుంజుతున్నం, అందుకే ఎత్తలే. పంక తిరిగింది. ఇనవడుతుందా? అమ్మా, ఏడుస్తున్నవా?"

నమోదు 7

సిస్టంలో ఇప్పుడు చోటుంది. అయినా ఇది కాగితం మీదే రాస్తున్నాను.

లహరి షిఫ్టు దిగి వచ్చింది. పెదవులకు ఇంకా పూర్తిగా రంగు రాలేదు. వస్తూనే, "బాపమ్మ సచ్చిపోయిందట గదా? మరి వంటింట్ల నన్ను తిడుతున్నదెవలు?" అంది. అత్తమ్మ గరిటె విసిరింది. తగల్లేదు.

జరిగింది అందరికీ చెప్పాం. మాటలు ఇన్నేళ్ళూ నిలిచే ఉన్నాయని, ఇప్పుడు నిజంగానే పోయాయని. కొందరు తలలు దించుకున్నారు. ఒకరిద్దరు నన్ను నిలదీశారు: నువ్వు విన్నవా? మా ఆయనది కాక ఇంకొక్కటి విన్నాను, ఎవరిదో చెప్పనన్నాను. వాళ్ళ చూపులు నా వెంట చాలా రోజులు ఉంటాయి. నేనైనా అలాగే చూస్తాను.

పొద్దున ద్వారం దగ్గర వరస కట్టాం. గూడు మా ఇంట్లోనే ఉంది, కొమురవ్వ దినాలు నడుస్తున్నాయి గనక. అత్తమ్మ వరసలో నా ముందు నిలబడింది, అలవాటుగా. తన వంతు వచ్చేసరికి నోరు తెరిచి, మూసుకుంది.

"సచ్చినోళ్ళకు లైనెందుకు పెద్దవ్వా, సీదా పో" అన్నాడు ఓదెలు.

"సచ్చినంక గూడ నీ మొకమే సూడాల్నారా?" అంది. పలుకు లేకుండా దిగిపోయింది. వాడి కళ్ళకు నిద్ర లేదు. పంకా ఇంత జోరుగా తిరుగుతున్నా లేదు.

గూడు తగిలించి లేనప్పుడు పలుకు రాసుకోవద్దని ప్రోగ్రాంకు ఒక అడ్డు రాశాను. ఇకనుంచి దినాల పలుకు నిజంగా గాలికే పోతుంది. నా వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, భయంగా ఉందన్నాను. ఇంకేమీ తోచలేదు.

వాలుబాట దిగుతుంటే ఆ అడ్డు సరిగ్గా రాశానా అని అనుమానం వచ్చింది. రాసి ఒకసారి చూశాను, బాగానే ఉంది. ఇంకోసారి చూద్దామని సగం దూరం వెనక్కి ఎక్కాను. చీర కొంగు ఎగిరి మొహాన పడింది. కాసేపు అక్కడే నిలబడి, కిందికి దిగాను.